బాపు చెప్పులు

పోయిన వారం ప్రవళికను కుమారస్వామి మాస్టారింటి ముందుగదిలో, ఒక అద్దాల పెట్టె ఎదుట నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం ఆ పిల్ల వారమంతా అక్కడే నిలబడి ఉంది. కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి, ఆమెను కదిలిద్దాం.

ప్రవళిక జనగామలో బి.ఏ. రెండో ఏడు చదువుతోంది. ఊరు బచ్చన్నపేట పక్కన. చరిత్ర చెప్పే వెంకట్రాం సారుకు ఈ ఏడు ఒక బుద్ధి పుట్టింది. చార్మినార్ అందరూ చూస్తారు, మన పక్కవీధిలో ఏముందో ఎవరూ చూడరు కాబట్టి చుట్టుపక్కల ఉన్న చిన్న చిన్న మ్యూజియాలు చూసి వచ్చి క్లాసులో నిలబడి చెప్పాలన్నారు. అందుకని ప్రవళిక, ఆమె హాస్టల్ స్నేహితురాలు ఉమ సెలవు రోజుల్లో బస్సులెక్కి తిరుగుతున్నారు. కొడకండ్లలో ఒక పెద్దాయన తన తాతల నాటి మగ్గాన్ని ముందరి గదిలో పెట్టి చూపించాడు. మహబూబాబాద్‌లో ఒక బడిగది నిండా తండాల సామాను పెట్టారు. అక్కడ ఒక వెండి నగ ముందు 'పూర్వకాలపు లంబాడ స్త్రీల ఆభరణం' అన్న చీటీ చదివి ఉమ పడీపడీ నవ్వింది. నర్సింహులపేట దగ్గరి తండాలో వాళ్ల నానమ్మ మోతీబాయి ఇప్పటికీ అది పెట్టుకునే బర్రెపాలు పిండుతుంది. చీటీలను నమ్మకూడదన్న సంగతి అమ్మాయిలిద్దరూ అక్కడే నేర్చుకున్నారు.

మూడోది జనగామలోనే ఉన్న ఈ ఇల్లు. కుమారస్వామి గారు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఊరూరా తిరిగి గంపలు, గురుగులు, తూకపు రాళ్లు, పాత రేడియోలు ఏరుకొచ్చి సొంత ఇంట్లోనే మ్యూజియం పెట్టుకున్నారు. వాటన్నిటి మధ్య, ఎర్రగుడ్డ పరిచిన అద్దాల పెట్టెలో ఒక జత తోలు చెప్పులు ఉన్నాయి. ముందు ముత్యాల్లాంటి అక్షరాలు: 'పూజ్య బాపు పాదరక్షలు'. ఉమ చేతులు జోడించింది. ప్రవళిక జోడించలేదు. కుడి చెప్పు అడుగు ఎడమదాని కంటే బాగా మందంగా ఉంది. లారీ టైరు ముక్క కోసి అతికించిన మందం అది. ఆ చెప్పులు గాంధీవి కావు. ప్రవళిక తండ్రి సంజీవవి.

ప్రవళిక వాళ్లింట్లో తండ్రిని బాపు అంటారు. సంజీవకు చిన్నప్పుడు జ్వరం వచ్చి కుడికాలు పొట్టిదైపోయింది. కుంటు తెలియకుండా అన్న దానియేలు స్వయంగా కుట్టి ఇచ్చిన చెప్పులవి. ప్రవళిక బడిలో చేరిన కొత్తలో సంజీవ బొగ్గుబాయిల దగ్గర కూలిపని ఉందని భూపాలపల్లి పోయాడు. మొదట్లో వచ్చిపోయేవాడు, తర్వాత రావడం మానేశాడు. దానియేలు వెళ్లి వెతికి ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. ప్రవళిక తల్లి రాణి ఇన్నేళ్లూ మొగుడు లేడని ఎవరినీ అననివ్వలేదు. ఏమైందో ఏమో, మొన్న ఉన్నట్టుండి ఒప్పుకుంది. వచ్చే ఆదివారం ఊళ్లో చర్చిలో సంజీవ పేరు మీద జ్ఞాపకార్థ కూడిక. ఫాదర్‌తో మాట్లాడారు, చుట్టాలకు చెప్పారు. చచ్చిపోయాడని తేల్చేసిన మనిషి చెప్పులు ఇప్పుడు అద్దాల పెట్టెలో కూర్చుని ప్రవళికను చూస్తున్నాయి.

ఇక్కడే వదిలేశాం. ఇక కదులుదాం.

"సార్," అంది ప్రవళిక. "గివి మా బాపు చెప్పులు."

కుమారస్వామి గారు కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు. మ్యూజియానికి వచ్చే పిల్లల్లో సగం మంది ఆవలిస్తూ తిరుగుతారు. ఈ పిల్ల కళ్లలో నీళ్లు తిరగడం చూసి ఆయన గుండె కరిగిపోయింది.

"అవు బిడ్డా," అన్నారు. "మనందరి బాపు."

"అందరి బాపు కాదు సార్. మా సొంత బాపు."

"సొంతమే బిడ్డా. గట్ల సొంతమనుకునే పిల్లలు ఇయ్యాల రేపు ఎంతమంది ఉన్నరు? నాకు మస్తు సంతోషమైంది. ఏ కాలేజి నీది?"

ప్రవళిక ఉమ వైపు చూసింది.

"సార్, నేను గాంధీ గురించి మాట్లాడుతలేను," అంది ప్రవళిక. "మా నాయిన గురించి చెప్తున్న. మా ఇంట్ల నాయినను బాపు అంటం. గివి మా నాయిన తొడిగిన చెప్పులు."

మాస్టారి మొహంలో సంతోషం మెల్లగా సర్దుకుని, దాని స్థానంలో అనుమానం వచ్చి కూర్చుంది. ఆయన ఇంట్లో నాయిన అంటారు. బాపు అంటే ఆయనకు గోడ మీద పటమే. "చెప్పులన్నీ ఒక్కతీరుగనే ఉంటయి బిడ్డా. నువ్వు పరేషాన్ అయితున్నవు. జర కూసో, నీళ్లు తాగు."

"ఒక్కతీరుగ లేవు సార్. కుడిదాని అడుగు సూడుండ్రి, ఎంత మందమున్నదో. మా బాపు కుడికాలు పొట్టిది."

"గది దండియాత్ర మందం," అన్నారు మాస్టారు, చాలాసార్లు చెప్పి అలవాటైన ధీమాతో. "నడిచి నడిచి ఒక దిక్కు అరిగితే ఏసుకున్న అతుకు. మొన్న గాంధీ జయంతికి వచ్చిన బడిపిల్లలకు గూడ గిదే చెప్పిన."

"లారీ టైరుతోనా సార్?" అంది ఉమ.

మాస్టారు ఆమె వైపు కొంచెం కోపంగా చూశారు. "పొదుపు బిడ్డా పొదుపు. గాంధీ అంటేనే పొదుపు."

నవ్వుకోకండి. ఆ మాస్టారి సంగతి కూడా కాస్త ఆలోచించండి. జీవితమంతా గంపలూ గురుగులూ పోగేస్తే ఊళ్లో ఒక్కడూ గుమ్మం తొక్కలేదు. పాత సామాను కొట్టు పెట్టాడని వెనక నవ్వారు. ఈ చెప్పులు వచ్చాకే బడిపిల్లలు వరసకట్టి వచ్చారు, పేపరువాడు వచ్చి ఫోటో తీశాడు. వాటి మీద చెయ్యి పడితే ఆయనకు ప్రాణం మీదికి వచ్చినట్టే. అయినా ప్రవళికకు ఆయన బాధ పట్టలేదు. ఆమె బాధ ఆమెకే ఎక్కువైంది.

"సార్, ఒక్కమాట," అంది. "నేను ఇంకా వాటిని ముట్టుకోలేదు గద. మీరే పెట్టె తెరిచి కుడి చెప్పు తిప్పి సూడుండ్రి. మడిమె కింద మేకులు సిలువ ఆకారంల ఉంటయి. మా పెద్దబాపు దానియేలు ఏ చెప్పు కుట్టినా గట్లనే కొడుతడు. లేకుంటే నేను మీ కాళ్లు మొక్కి ఎల్లిపోత."

మాస్టారు జేబులోంచి తాళంచెవి తీశారు. పెట్టె తలుపు కిర్రుమంది. రెండు చేతులతో కుడి చెప్పు ఎత్తి వెలుతురుకు తిప్పారు. అరిగిన టైరు గాట్ల మధ్య మేకుల తలలు తెల్లగా మెరిశాయి. నిలువుగా ఒక వరస, అడ్డంగా ఒక వరస. సిలువే.

తప్పయితే బాగుండునని లోపల ఎక్కడో అనుకుందని ప్రవళికకు అప్పుడు తెలిసింది.

"గాంధీ అన్ని మతాల ప్రార్థనలు చేయించేటోడు," అన్నారు మాస్టారు. గొంతులో ఇందాకటి ధీమా లేదు. అని, ఆయనే తల దించుకున్నారు.

"వీటిని మీకు ఎవలిచ్చిండ్రు సార్?"

"నాకియ్యలే బిడ్డా. అప్పుడు నేను కంటి ఆపరేషన్‌కు పట్నం పోయిన. మా కోడలు తీసుకున్నది. చీటీ రాసింది గూడ ఆమెనే." లోపలికి తిరిగి పిలిచారు. "అమ్మా హైమా, ఒక్కసారి ఇట్ల రా."

హైమావతి టీ గ్లాసులతో వచ్చింది. ఆమెది రాజమండ్రి పక్క. ఈ ఇంటికి వచ్చి నాలుగేళ్లవుతున్నా ఇక్కడి మాట ఆమెకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. చిన్నప్పటి నుంచి ఈ యాసను సినిమాల్లో నవ్వడానికే విన్న మనిషి. ఇక్కడికొచ్చాక నవ్వడం మానేసి, అర్థం కాకపోతే తల ఊపడం నేర్చుకుంది. ఆ తల ఊపడమే ఇంత పని చేసిందని ఆమెకు తెలియదు.

సంగతి విని హైమ గ్లాసులు బల్ల మీద పెట్టేసింది. "అయ్యో రామా. అంటే ఇవి గాంధీగారివి కావా మావయ్యగారూ?"

"అదే నిన్ను అడుగుతున్న."

"నేను అడిగానండీ. నిరుడు దసరా సెలవుల్లో ఒక కుర్రాడు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. భూపాలపల్లి నుంచన్నాడు. కవర్లోంచి చెప్పులు తీసి, ఇవి బాపు చెప్పులు మేడమ్, మీ దగ్గర పెట్టుకోండి అన్నాడు. ఏ బాపు బాబూ అంటే, మా బాపు అన్నాడు. అక్కడ గనుల దగ్గర అన్ని రాష్ట్రాలవాళ్లూ ఉంటారు కదా, గుజరాతీవాళ్ల అబ్బాయేమో, గాంధీగారికి చుట్టరికమేమో అనుకున్నాను."

ఇంకో రోజైతే ఉమ నేల మీద పడి నవ్వేది. ఇవాళ ఆమె మొహం పాలిపోయింది. స్నేహితురాలి చెయ్యి పట్టుకుంది. ప్రవళికకు ఆ చెయ్యి ఎందుకు పట్టుకుందో వెంటనే తట్టలేదు.

"ఇంకేమన్నడు మేడమ్?"

"జనగామ స్టేషన్లో బాపు ఈ చెప్పులతోనే రైలెక్కాడట, మళ్లీ జనగామకే చేర్చమన్నాడట. గాంధీగారు మన స్టేషన్లో ఎక్కారు కాబోలని నేను మురిసిపోయాను కూడాను."

"చేర్చమన్నడు అంటే, మా బాపే అన్నడా?" ప్రవళిక ఒక అడుగు ముందుకు వేసింది. "అంటే ఉన్నడా?"

హైమ ఇబ్బందిగా మాస్టారి వైపు చూసింది. "లేడనే చెప్పాడమ్మా. ఆ మాట నాకు బాగా గుర్తుంది. బాపు చెప్పులు... ఏదో అన్నాడు, చివర్న లేడు అన్నాడు. గాంధీగారు లేరు కదా, నిజమే కదా అని తల ఊపాను."

లేడు. ప్రవళికకు ఆ గదిలో గంపలూ గురుగులూ అన్నీ ఒక్కసారి దూరం జరిగినట్టనిపించింది. సరే, ఆదివారం కూడిక సరైనదే. అమ్మ ఒప్పుకోవడం మంచిదే. బాపు లేడు. ఆ మాట లోపల ఇంకొకసారి అనుకోబోయి ఆగిపోయింది.

"మేడమ్, జర యాది చేసుకోండ్రి. ఉత్త లేడు అన్నడా? లేకుంటే చెప్పులు తొడుగుతలేడు అన్నడా?"

"ఏమిటీ?"

"తొడుగు-తలేడు. మా దిక్కు గట్లనే అంటం. తింటలేడు, వస్తలేడు, తొడుగుతలేడు. అంటే మనిషి ఉన్నడు, చెప్పులు తొడుక్కోవడం లేదని."

హైమ పెదవులు కదిలిస్తూ ఆ మాటను తనలో తాను రెండుసార్లు పలికి చూసుకుంది. తొడుగుతలేడు. తొడుగుత, లేడు. మొహం ఎర్రబడింది. "అయ్యుండొచ్చమ్మా. అదీ అయ్యుండొచ్చు. నాకు చివరి ముక్క ఒక్కటే చెవిన పడింది. మీ మాటల్లో సగం నాకు తోకలే వినిపిస్తాయి. క్షమించు తల్లీ, నిజంగా తెలియదు."

చూశారా, ఒక మనిషి బతుకూ చావూ ఏ మాట తోక పట్టుకుని వేలాడుతున్నాయో. ఆ కుర్రాడు తొడుగుతలేడు అని ఉంటే సంజీవ భూపాలపల్లిలో ఏదో ఇంటి ముందు కొత్త చెప్పులతోనో, అసలు కాలే లేకుండానో కూర్చుని ఉన్నాడు. లేడు అని ఉంటే లేడు. చెప్పగలిగిన చెవి రాజమండ్రిది. ప్రవళిక ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి?

అప్పుడు ఉమ నోరు విప్పింది. తండాలో తండ్రిని 'బా' అంటారు. ఈ బాపుల గొడవలో ఆమె ఒక్కతే కాస్త దూరంగా నిలబడి చూడగలిగింది.

"ప్రవళికా, బతికున్నడా లేడా అన్నది పక్కన పెట్టు. ఆ పిల్లగాడు మా బాపు అన్నడు."

"అయితే?"

"అయితే ఏందే. నువ్వెందుకు అంటవో వాడు గూడ గందుకే అన్నడు."

అప్పుడు దిగింది లోపలికి. ఇంతసేపూ ఆమె చెప్పుల గురించి, చావు గురించి, దండియాత్ర గురించి మాట్లాడింది. ఆ ఇచ్చినవాడి గురించి ఆలోచించనేలేదు. తన తండ్రిని బాపు అని పిలిచే నోరు ఇంకొకటి ఉంది. ఆ నోరు ఇన్నేళ్లూ రోజూ పిలిచింది. తను పిలుద్దామంటే ఎదురుగా మనిషి లేక, ఆ మాటే వాడకంలోంచి పోయింది. కోపం వచ్చింది. ఆ కుర్రాణ్ని చూడాలని కూడా అనిపించింది. రెండూ ఒకేసారి ఎలా వస్తాయో ఆమెకు బోధపడలేదు.

"పెద్దమనిషిని ఎవలైనా బాపు అంటరు బిడ్డా," అన్నారు మాస్టారు మెల్లగా. ఓదార్చాలని ఆయన ఆరాటం. "పనికాడ తోటివాడు కావచ్చు. తెచ్చి సాదుకున్న పిల్లగాడు కావచ్చు. అన్నిటినీ ఒక్కతీరుగ అనుకోవద్దు."

ఇందాక 'అందరి బాపు' అంటే ఆమెకు చిరాకు వచ్చింది. ఇప్పుడు 'ఇద్దరి బాపు' అనుకుంటే ఏడుపు వచ్చింది. ఏడ్చింది కూడా. హైమ పక్కన కూర్చుని కొంగు అందించింది, ఉమ టీ చల్లారబోసి పట్టింది. మాస్టారు చెప్పును చేతిలో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. పెట్టెలో పెట్టాలో ఈ పిల్లకు ఇవ్వాలో ఆయనకూ తోచలేదు.

"మావయ్యగారూ," అంది హైమ కాసేపటికి. "ఇంకొకటి గుర్తొచ్చింది. గుమ్మం దిగుతూ ఆ అబ్బాయి వెనక్కి తిరిగి, ఎవరన్నా వచ్చి ఇవి మా బాపువి అంటే ఇచ్చెయ్యండి మేడమ్ అన్నాడు. గాంధీగారి చెప్పుల కోసం ఎవరొస్తారులే అని నవ్వుకున్నాను."

మాస్టారు ఎడమ చెప్పు కూడా తీశారు. రెండిటినీ ఎర్రగుడ్డలోనే చుట్టి ప్రవళిక ఒళ్లో పెట్టారు. ఖాళీ పెట్టె వైపు ఒకసారి చూసి, ఆ చీటీ చింపకుండా తిరగేసి పెట్టారు. "తీసుకపో బిడ్డా," అన్నారు. "నువ్వు అన్నవు గద ఆ మాట, రాంగనే."

బస్టాండుకు వచ్చేసరికి మధ్యాహ్నం ఎండ కాస్త తగ్గింది. ఒక వైపు బచ్చన్నపేట బస్సు నిలబడి ఉంది, అది ఇల్లు. ఇంకో వైపు హనుమకొండ బస్సులు వచ్చిపోతున్నాయి, అక్కడ దిగి మారితే భూపాలపల్లి. ఆదివారం లోపల పోయిరావచ్చు. పోయి ఎవరిని అడగాలి? కుడి కాలు పొట్టిగా ఉన్న మనిషి ఇల్లెక్కడ అనా, మా బాపు కొడుకు ఇల్లెక్కడ అనా? వాణ్ని తమ్ముడనాలా? ప్రవళిక ఎర్రమూట ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూలబడింది. ఒకటి మాత్రం ఆమె గట్టిగా అనుకుంది. బతికున్న మనిషికి కూడిక జరగనివ్వకూడదు. అలాగని అమ్మకు చెబితే, ఆ ఇంకో పిల్లవాడి సంగతి కూడా చెప్పాలి. ఇన్నేళ్లు ఎదురుచూసిన మనిషికి ఆ మాట ఏ నోటితో చెప్పాలి?

ఫోన్ మోగింది. అమ్మే.

"బిడ్డా, తిన్నవా?" రాణి పత్తి చేలోంచి మాట్లాడుతోంది. వెనక ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. "ఆదివారం బాపు వస్తువు ఒకటన్న ఫోటో ముంగట పెట్టాల్నని ఫాదర్ అంటున్నడు. మన ఇంట్ల ఆయనది ఏమున్నది చెప్పు. ఒక అంగి గూడ లేకపాయె. నీకేమన్న యాదికున్నదా?"

ప్రవళిక మూట మీద చెయ్యి వేసింది. గుడ్డలోంచి టైరు అంచు గట్టిగా తగిలింది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు, నిజం ఎంతవరకు చెప్పాలో తెలియలేదు. కుర్రాడి మాట ఎత్తకుండా, ఉన్నంతలో చిన్న నిజం ఏరుకుని చెప్పింది.

"అమ్మా, బాపు చెప్పులు దొరికినయి."

రాణి చేలోంచి పక్కకు నడుస్తున్నట్టు ఎండు పత్తి ఆకుల చప్పుడు.

"యాడ?"

"జనగామల. ఒక సారు మ్యూజియంల పెట్టిండు."

లైను పోయిందేమోనని ప్రవళిక ఫోను చెవి నుంచి తీసి చూసింది, పోలేదు. మళ్లీ పెట్టుకునేసరికి తల్లి గొంతు మెల్లగా, ఎవరూ వినకూడదన్నట్టు వచ్చింది.

"ఇచ్చినోడు ఆ భూపాలపల్లి పిల్లగాడేనా? వాడొక్కడే వచ్చిండా బిడ్డా, వాళ్లమ్మను గూడ తోలుకొచ్చిండా?"